అన్న రోజూ ఆలయానికి ఎందుకు వెళ్ళింది?

ఆగమన కాలంలోకి వచ్చేశాం. లూథరన్, సీఎస్ఐ, కతోలిక సంఘాల్లో పెరిగినవాళ్ళకి ఇది తెలిసిందే. క్రిస్మస్‌కి ముందు వచ్చే 4 ఆదివారాలు, ప్రభువు రాక కోసం సిద్ధపడే రోజులు. మిగతా చాలా సంఘాల్లో ఈ మాట పెద్దగా వినపడదు. మనకి డిసెంబర్ అంటే సెమీ క్రిస్మస్! ఆఫీసులో ఒకటి, కాలనీలో ఒకటి, యూత్ వాళ్ళది ఒకటి. నాకూ ఇష్టమే, బిర్యానీ అయితే మరీ ఇష్టం. కానీ 25వ తారీఖు వచ్చేలోపే పండుగ చేసేసుకుంటాం. ఎదురుచూడడానికి ఒక్క రోజు కూడా మిగలదు.

"ప్రభువా, నీ సన్నిధి కావాలి" అని ప్రార్థిస్తాం కదా. మనలో చాలామందికి సన్నిధి అంటే ఒక ఫీలింగ్. ఆరాధనలో కన్నీళ్ళు వస్తే దేవుడు ఉన్నాడు, రాకపోతే లేడు. అందుకే ఈరోజు లూకా సువార్త 2వ అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రిని చూద్దాం.

ఫనూయేలు కుమార్తె, ఆషేరు గోత్రం. పెళ్ళయిన 7 ఏళ్ళకే భర్త చనిపోయాడు. 84 అనే సంఖ్య కూడా లూకా రాశాడు. అది ఆమె వయసు అని కొందరు, విధవరాలిగా గడిపిన కాలం అని కొందరు అంటారు. ఏదైనా, అది చాలా పెద్ద కాలం. అన్నేళ్ళూ ఆమె ఆలయం విడిచిపెట్టలేదు. ఉపవాసం, ప్రార్థన, రాత్రీ పగలూ. ఆమెకి రోజూ ఒళ్ళు పులకరించిందని లూకా ఎక్కడా రాయలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్ళకి ఇది కొంచెం అర్థమవుతుంది. అలారం రాకపోయినా ల్యాప్‌టాప్ పక్కనే ఉండాలి. తేడా ఏంటంటే, మనం అలారం రాకూడదని కోరుకుంటాం, అన్న ఆయన రావాలని కోరుకుంది.

ఒక రోజు ఆయన వచ్చాడు. ఎలా? ఒక పేద జంట చేతుల్లో, నెలన్నర కూడా నిండని పసిబిడ్డగా. గొర్రెపిల్లను తేలేని తల్లి గువ్వలను తేవచ్చని లేవీయకాండం 12లో ఉంది. మరియ యోసేపులది ఆ పేదవాళ్ళ అర్పణే. ఆలయంలో ఆ రోజు యాజకులు ఉంటారు, భక్తులు ఉంటారు. ఆ బిడ్డ ఎవరో గుర్తుపట్టారని లూకా చెప్పింది మాత్రం ఇద్దరి గురించే, సుమెయోను, అన్న.

నాన్న లేని మొదటి క్రిస్మస్ ఈ ఏడాది కొంతమందికి. లేఆఫ్ అయి, ఇంట్లో ఇంకా చెప్పలేనివాళ్ళు కూడా వింటున్నారని నాకు తెలుసు. అన్నకి భర్త తిరిగి రాలేదు. ఆ విషయాన్ని దాటేసి ఆమె గురించి ప్రసంగం చేయడం నాకు నచ్చదు. ఆ లోటు అలాగే ఉంది. ఆ లోటుతోనే ఆమె వెళ్ళింది, ఆ లోటుతోనే ఆయన్ని చూసింది, చూసి ఊరుకోకుండా విమోచన కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్ళందరికీ చెప్పింది. అంటే అలాంటివాళ్ళు ఎవరెవరో ఆమెకి ముందే తెలుసన్నమాట!

ఒక చిన్న పని చేద్దాం. లూకాలో 24 అధ్యాయాలు. డిసెంబర్ 1 నుంచి రోజుకి ఒకటి చదివితే 24 రాత్రికి అయిపోతుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి. చదివాక 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. ఏమీ అనిపించకపోయినా మర్నాడు మళ్ళీ కూర్చోండి. ఆలస్యంగా మొదలుపెట్టినా పర్లేదు, ఆ రోజు తారీఖు అధ్యాయం నుంచే చదవండి.

వచ్చే వారం 1వ అధ్యాయంలోని జెకర్యా దగ్గరికి వెళ్దాం. ఆయన ఆలయం లోపలే ఉన్నాడు, దేవదూత వచ్చి చెప్పినా నమ్మలేకపోయాడు.