పండుగ వారం రోజులే, పని ఏడాదంతా
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, రికవరీ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి, అవి మళ్లీ చదవబోవడం లేదు. ప్రతి ఏడాదీ నవంబర్ 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవం జరుగుతుంది. దేశమంతటా పాత కోటల దగ్గర, గుడుల దగ్గర భారత పురావస్తు శాఖ కార్యక్రమాలు పెడుతుంది. ఆ వారంలో మన కొండాపురం మండలం ఆడవాళ్లం ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఈరోజు మేము మాట్లాడే సంగతి.

"వారసత్వం అంటే మాకేం తెలుసు, అది చదువుకున్నోళ్ల మాట" అని కొందరు అనుకోవచ్చు. మన జిల్లా సంగతి ఒక్కసారి చూడండి. తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనం ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో ఉంది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించినది. అంటే మనం ఇంట్లో మాట్లాడుకునే భాషకు రాతి మీద తొలి గుర్తు మన పక్కనే ఉంది. జమ్మలమడుగు దగ్గర దానవులపాడులో పెన్న ఒడ్డున జైనుల పాత గుడి బయటపడింది. గండికోటలో మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు ఒకే కోట గోడల్లో ఉన్నాయి. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిసి వెళ్లాడు. గండికోటకు పరదేశీయులు రావడం మొన్న సెల్‌ఫోన్లు వచ్చినాక మొదలైంది కాదు.

ఇప్పుడు జనం ఇంకా ఎక్కువ వస్తున్నారు. 2024 చివర్లో గండికోట అభివృద్ధికి సాస్కి పథకం కింద కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మన సంఘం భాషలో చెప్పాలంటే అది కూడా ఒక అప్పే. వడ్డీ లేకుండా, 50 ఏళ్ల గడువుతో రాష్ట్రాలకు ఇచ్చే అప్పు. అప్పు తెచ్చి రోడ్లు వేస్తారు, గదులు కడతారు, దీపాలు పెడతారు. ఆ దీపాల వెలుగులో వ్యాపారం ఎవరిది? బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్లు పెట్టే ఖర్చులో మన ఊర్లకు ఎంత చేరుతుంది? ఇది మనం అడగకపోతే మన తరఫున అడిగేవాళ్లు ఉండరు.

మన మండలానికి ఇది అడిగే హక్కు ఇంకొంచెం ఎక్కువే ఉంది. గండికోట లోయ అంచున నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లకు కింద నీళ్లు కనిపిస్తాయి. గండికోట జలాశయం నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఆ నీళ్లు ఊరికే నిలబడలేదు. తాళ్లప్రొద్దుటూరు, చౌటపల్లి లాంటి మన మండలం ఊర్లు ఆ నీటికి చోటు ఇచ్చినాయి. ఈ సభలో కూర్చున్నవాళ్లలో ఎంతమంది పుట్టిల్లు నీళ్ల కింద ఉందో, ఎంతమంది అత్తగారిల్లు నీళ్ల కింద ఉందో చేయెత్తమని అడగక్కర్లేదు. అందరికీ తెలుసు. నీళ్లు కావాలి, ఎండిన పొలాలకు, తాగడానికి కావాలి. దాన్ని మనం కాదనలేదు. కానీ కోట గోడ ఒక్కటే వారసత్వం, మునిగిన ఊరు వారసత్వం కాదు అంటే మాత్రం మనం ఒప్పుకోం.

అందుకే మా మొదటి ప్రతిపాదన అంగడి గురించి కాదు, ముంపు ఊర్ల గురించి. వారోత్సవంలో ఒక రోజును ముంపు ఊర్ల రోజుగా పెట్టుకుందాం. పునరావాస కాలనీలో ఒక బడి గదో, కమ్యూనిటీ హాలో చాలు. ఊరి బొమ్మను పెద్ద చార్టు మీద గీయాలి. గుడి యాడుండె, మసీదు యాడుండె, రచ్చబండ, బావి, బడి యాడుండె అన్నది ముసలోళ్లు చెప్తుంటే పిల్లోళ్లు గీయాలి. ఇండ్లలో మిగిలిన తిరగళ్లు, రోకళ్లు, పాత ఫొటోలు, పెండ్లి పత్రికలు ఆ ఒక్క రోజుకు తెచ్చి పేరు రాసి పెట్టాలి, సాయంత్రానికి ఎవరివి వాళ్లకు అప్పజెప్పాలి. పెద్దవాళ్ల మాటలు సెల్‌ఫోన్లో రికార్డు చేయాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లే ఉండరు.

ఇది జాలి అమ్ముకోవడం కాదు. వచ్చినవాళ్లు అయ్యో పాపం అని పది రూపాయలు చేతిలో పెట్టి పోవడం మనకు వద్దు. మన ఊరి కథ మనమే, మన నోటితోనే చెప్పాలి. బాగా మాట్లాడగలిగిన చదువుకున్న ఆడపిల్లలు ప్రతి ఊర్లో ఉన్నారు. వాళ్లలో కొందరిని గైడ్లుగా తయారు చేయమని పర్యాటక శాఖను లిఖితపూర్వకంగా అడుగుదాం.

రెండో ప్రతిపాదన తిండి, సరుకుల అమ్మకం. నవంబర్ 19 నుంచి 25 దాకా ఏడు రోజులు. కాబట్టి ఏ ఏడాదైనా అందులో ఒక శనివారం, ఒక ఆదివారం తప్పకుండా పడతాయి. బయటి జనం వచ్చేది ఆ రెండు రోజులే. మిగిలిన రోజుల్లో స్టాలు పెట్టి ఈగలు తోలుకుంటూ కూర్చోవద్దు. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం కూడా ఉంది గానీ మన ఎండలకు అప్పుడు లోయ దగ్గర ఎవరూ నిలబడలేరు. ఆ రోజు బడి పిల్లలతో కార్యక్రమం పెట్టుకుంటే చాలు.

స్థలం విషయం జాగ్రత్తగా వినండి. గండికోట జమ్మలమడుగు మండలం కిందికి వస్తుంది. కోట లోపలే ఊరు ఉంది, ఆ ఊర్లో మనలాంటి సంఘాలే ఉన్నాయి. వాళ్ల ముంగిట్లోకి పోయి వాళ్లకే పోటీ పెడితే అది న్యాయం కాదు. ముందు వాళ్ల సమాఖ్యతో కూర్చుని మాట్లాడాలి. వాళ్లు ఏం వండుతారో అది వాళ్లకే వదిలి, మనం వేరేది తీసుకుపోవాలి. ఇంకో సంగతి, కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. చట్టప్రకారం రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రణ. షామియానా వేసినా, పొయ్యి వెలిగించినా ముందు అనుమతి అడగాలి. గోడకు మేకు కొట్టడం, రాయి మీద రంగు రాయడం అసలే కూడదు.

మన సొంత బలం వేరే చోట ఉంది. అది రోడ్డు. గండికోట చూసేవాళ్లలో చాలామంది 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు, తాడిపత్రి గుడులు కూడా కలిపి చూస్తారు. తాడిపత్రి నుంచి ముద్దనూరు వైపు వచ్చే రోడ్డు మన కొండాపురం మీదుగానే పోతుంది. రైలు మార్గం కూడా మన ఊరి మీదుగానే ఉంది. కాబట్టి ఒక స్టాలు గండికోటలో, రెండు స్టాళ్లు మన రోడ్డు మీద అని మేము అనుకుంటున్నాం. గండికోట స్టాలు పండుగతో ముగుస్తుంది. రోడ్డు మీది స్టాలు ఏడాదంతా నిలబడుతుంది. వారోత్సవం దానికి ప్రారంభోత్సవం అనుకోండి.

ఇక లెక్క. ఉదాహరణకు ఒక సంఘం జొన్నరొట్టె, నాటుకోడి పులుసు, చెనిక్కాయ పొడితో 50 మందికి భోజనం పెట్టిందనుకుందాం. సరుకులు, గ్యాసు, ఆకులు, ఆటో కలిపి ఖర్చు 6,000. ప్లేటు 150 చొప్పున 50 ప్లేట్లు పోతే 7,500 వస్తాయి. 1,500 లాభం అని సంబరపడతాం. కానీ నలుగురు ఆడవాళ్లు రోజంతా చేసిన కష్టానికి 300 చొప్పున కూలి కడితే 1,200 పోతుంది. నికరంగా మిగిలేది 300. అదే 35 ప్లేట్లే పోతే వచ్చేది 5,250. కూలి సంగతి దేవుడెరుగు, చేతి నుంచి 750 పోతుంది. మన కూలిని మనమే సున్నా అని రాసుకునే అలవాటు ఇకనైనా మానుకోవాలి.

ఈ లెక్క భయపెట్టడానికి కాదు, దారి చూపడానికి. కోడి కూర లాంటివి ముందు ఆర్డరు, సగం అడ్వాన్సు ఉంటేనే వండాలి. హరిత హోటల్‌కు, టెంట్లు వేసే పిల్లోళ్లకు, బస్సుల్లో పిల్లలను తెచ్చే కాలేజీలకు పది రోజుల ముందే ఫోన్ చేయాలి. స్టాలులో మాత్రం నిలవ ఉండేవి పెట్టాలి. ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయ పొడి, కొర్రలు, రాగి లడ్లు, కారాలు. మిగిలితే నష్టం లేదు, రోడ్డు స్టాలులో వారం అమ్ముకోవచ్చు. పాకెట్టు మీద తయారైన తేదీ, బరువు, ధర, సంఘం పేరు ఉండాలి. తిండి సరుకు అమ్మేవాళ్లు ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మండల ఆఫీసులో ఆ ఫారాలు నింపడానికి ఒక రోజు పెడతాం.

వేరే చోట్ల ఇది జరిగిందా అని అడుగుతారు. కేరళలో కుమరకోం అనే ఊరుంది. అక్కడి పెద్ద హోటళ్లకు కూరగాయలు, గుడ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. 2008 ప్రాంతంలో అక్కడి కుటుంబశ్రీ ఆడవాళ్లు, పంచాయతీ, పర్యాటక శాఖ కలిసి కూర్చుని, హోటలుకు రోజూ ఏమేం కావాలో రాసుకుని, ఆ పంటలు ఊర్లోనే పండించి ఇవ్వడం మొదలుపెట్టారు. ఉత్సవం కోసం వాళ్లు ఎదురుచూడలేదు. తెలంగాణలో భూదాన్ పోచంపల్లిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అక్కడ జనం చూడడానికి వచ్చేది మగ్గం మీది పనిని. అంటే రోజూ చేసే పనే వాళ్లకు వారసత్వమైంది. మన రొట్టె, మన చెక్కభజన, మన కోలాటం కూడా అట్లాంటివే.

కొన్ని కట్టుబాట్లు చెప్పి ముగిస్తాం. స్టాలు అలంకరణకు స్త్రీనిధి అప్పు తీయద్దు. పెట్టుబడి సంఘం తీర్మానంతోనే, ఎంత పోయినా తట్టుకునేంతే పెట్టాలి. ఉత్సవం లెక్కకు వేరే పుస్తకం, వేరే సంతకాలు. ఆడవాళ్లు పనిచేసే చోట మరుగుదొడ్డి, తాగునీళ్లు, చీకటి పడకముందే ఇంటికి చేర్చే బండి లేకపోతే ఆ స్టాలు పెట్టొద్దు. జలాశయం అంచుకు సందర్శకులను మనం తీసుకుపోవద్దు, పిల్లలను పోనీయొద్దు. ప్లాస్టిక్ ప్లేట్లకు బదులు విస్తరాకులు. మనం పోయేటప్పటికి ఆ తావు మనం వచ్చినప్పటికన్నా శుభ్రంగా ఉండాలి.

వచ్చే నెల వి.ఓ. మీటింగులో ప్రతి గ్రామ సమాఖ్య మూడు ప్రశ్నలకు జవాబు రాసి తీర్మానం పుస్తకంలో పెట్టండి. ముంపు ఊరి కథ చెప్పగల పెద్దవాళ్లు మీ ఊర్లో ఎవరెవరు? నిలవ ఉండే తిండి ఏది, నెలకు ఎన్ని కిలోలు చేయగలరు? రోడ్డు స్టాలులో వంతుల వారీగా కూర్చోగలిగిన సభ్యులు ఎవరు? ఈ మూడూ చేతికి వచ్చిన తర్వాతే పురావస్తు శాఖకు, పర్యాటక శాఖకు, జమ్మలమడుగు సమాఖ్యకు మండల సమాఖ్య తరఫున ఉత్తరాలు పోతాయి. లిస్టు లేకుండా అధికారుల దగ్గరికి పోతే "చూద్దాంలేమ్మా" అంటారు. లిస్టు చేతిలో ఉంటే కూర్చోమని కుర్చీ వేస్తారు.