సున్న విలువ



క్రీస్తునకు పూర్వమే బౌద్ధభిక్షువులు గుంటుపల్లి కొండను తొలిచి విహారములు నిర్మించుకొనిన ఈ కామవరపుకోట సీమలో, స్నాతకోత్సవవేళ ఒక ఫుట్‌బాల్ ఆటగాని జీవితమును ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును; కాని లోకమున తన స్థానమును వెదకికొనబోవు వారికి పీటర్ తంగరాజు చరిత్రము మిక్కిలి అక్కరకు వచ్చునది.

1935లో హైదరాబాదున జన్మించిన తంగరాజు, సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల పక్షమున ఆడునాటికి గోల్‌కీపరు కాడు. గోలు కొట్టి జేజేలందుకొను సెంటర్ ఫార్వర్డు. 1953లో సైన్యమున చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టులో ప్రవేశించిన పిమ్మటనే ఆ ఆజానుబాహుడు గోలు కాచుటకు పూనుకొనెను. ఆ మార్పు ఎంతటిదో యోచింపుడు. ఫార్వర్డు పది అవకాశములు జారవిడిచి పదునొకండవదాన గోలు కొట్టెనా, వీరుడగును. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల ద్వారమున ఒంటరిగా నిలిచినవాడు పది బంతులాపి పదునొకండవది విడిచెనా, అపరాధి యగును. వాని నేర్పునకు లెక్కలో మిగులు గుర్తు సున్న మాత్రమే.

తంగరాజు ఆ సున్నను చిన్నచూపు చూడలేదు. 1955లోను, 1958లోను అతని జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచెను. నడుమ 1956లో, ఇరువదియొక యేడు నిండకయే, మెల్బోర్న్ ఒలింపిక్సునకేగిన భారతజట్టున అతనికి చోటు దక్కెను. 1962 జకార్తా ఆసియా క్రీడలలో జ్వరపీడితుడై అతడు దూరము కాగా, ప్రద్యుత్ బర్మన్ గోలు కాచుచు జట్టు తుదిపోటీకి చేరుటకు తోడ్పడెను. తుదిపోటీనాడు హైదరాబాదీయుడే యైన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం తంగరాజును పిలువగా, అతడు సిద్ధముగా నుండెను. దక్షిణకొరియాపై 2–1తో లభించిన ఆ స్వర్ణమున, తుదిదినమున ప్రక్కన కూర్చుండిన బర్మన్‌కును భాగము కలదని మరువరాదు. 1967లో తంగరాజునకు అర్జున పురస్కారము లభించెను.

చిరంజీవులారా, ఏలూరునుండియు, తాడేపల్లిగూడెమునుండియు, కొల్లేటి లంకలనుండియు వచ్చిన మీలో కొందరికి కోరిన కొలువు దొరకును. పెక్కురకు దొరికిన కొలువే గతి యగును. వంతెన కూలకుండుట, మందు కల్తీ కాకుండుట, కొల్లేటి నీరు చెడకుండుట ఏ పత్రికయు వ్రాయదు. ఆపద రాలేదన్నదే అచ్చట కాపుగాచినవాని విజయము. సమాజము నిలుచుచున్నది ముఖ్యముగా అట్టివారి వలననే. కావున జేజేలు వినబడని చోటు దక్కినప్పుడు చిన్నబుచ్చుకొనక, దానిని ఏమరుపాటు లేక కాపాడుడు. పిలుపు వచ్చునాటికి సిద్ధముగా నుండుడు. పిలుపు మరియొకనికి వచ్చిననాడు మనసారా హర్షింపుడు. స్వస్తి.