తోవ పక్క రాళ్ల ముచ్చట

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బస్సుల పోతుంటే కిటికీల నుంచి ఒక ఎర్ర స్తూపం కనపడతది. కింద నాలుగు పేర్లు. చదివేలోపే బస్సు దాటిపోతది. ఎన్నేండ్ల నుంచి ఆ తోవల తిరుగుతున్నం? ఒక్కనాడన్న దిగి, ఈ నలుగురు ఎవరని అడిగినమా? మిమ్మల్ని తప్పు పట్టి అంటలేం, మమ్మల్ని మేమే అడుక్కుంటున్నం.

జనగామ నుంచి సూర్యాపేట పోయే తోవల దేవరుప్పుల వస్తది. దానికి దగ్గర్నే కడవెండి. 1946 జులై 4న ఆ ఊర్ల సంఘపోళ్లు ఊరేగింపు తీస్తే విసునూరు దేశ్‌ముఖు మనుషులు తుపాకులు పేల్చిండ్రు. దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. కురుమోళ్ల ఇంటి బిడ్డ. సాయుధ పోరాటంల తొలి అమరుడని మనం చెప్పుకునేది ఆయననే. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ అప్పటి కాయితాలల్ల కడవెండి నల్లగొండ జిల్లా. మన చిన్నతనంల వరంగల్ జిల్లా. 2016 నుంచి జనగామ జిల్లా. ఊరు ఉన్నకాడనే ఉన్నది, జిల్లాలే మారినయి. రేపు ఒక పిల్లగాడు నల్లగొండ పటంల వెతికితే ఊరు దొరకదు. ఊరి మొదట్ల రాయి అక్కెరకొచ్చేది అప్పుడే.

బైరాన్‌పల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లాల ఉన్నది. అక్కడ పాత బురుజే పెద్ద గుర్తు. రజాకార్లు వస్తున్నరంటే ఆ బురుజు మీద కాపలా, నగారా మోత. ఊరంతా ఒక్కటై తరిమికొట్టిండ్రు. ఆ కసితోనే 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి ఊరిమీద పడ్డరు. దొరికిన మగోళ్లను నిలబెట్టి కాల్చిండ్రు. ఆడబిడ్డల మీద జరిగింది నోటితోని చెప్పలేం. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైంది. నడుమ 17 రోజులు, అంతే!

ఎంతమంది పోయిండ్రు? ఒక పుస్తకంల ఒక లెక్క, ఇంకో పుస్తకంల ఇంకో లెక్క. మనం లెక్క మీద కొట్లాడుతం గని పేర్లు అడగం. 1969 ముచ్చట గూడ గంతే. 369 మంది అని నోటికి అలవాటైంది. గన్‌పార్కుల ఎక్కా యాదగిరిరావు రూపం ఇచ్చిన స్తూపానికి దండం పెట్టి వస్తం. ఆ అమరులల్ల పది పేర్లు చెప్పమంటే ఈ హాల్ల ఎన్ని చేతులు లేస్తయి? అదే శంకుస్థాపన రాయి చూడుండ్రి, మంత్రి నుంచి వార్డు మెంబరు దాకా ఒక్క పేరు తప్పిపోదు.

ఇంద్రవెల్లి సంగతి వేరే. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. సర్కారు లెక్క 13. ఆదివాసులు ఆ లెక్కను ఎన్నడూ ఒప్పుకోలె. అక్కడ కట్టిన స్తూపాన్ని 1986ల కూల్చిండ్రు. ఆదివాసులు ఊకోలె, 1987ల మళ్ల లేచింది. ఆ తర్వాత ఏండ్లకేండ్లు ఏప్రిల్ 20 వస్తే 144 సెక్షన్! నాలుగు పూలు పెట్టి పోయేటోళ్ల మీద గంత పహారా ఎందుకు? ఆ రాయి ఊకె ఉండదని మనకన్న ముందు సర్కారుకే ఎరుకైంది.

ఇవన్నీ పేరున్న గుర్తులు. పేరు లేనియి ఎన్నో. వీరగల్లులు చూసే ఉంటరు. పసుల మంద కోసమో, ఊరి కోసమో కొట్లాడి చచ్చిపోయినోనికి నిలబెట్టిన రాయి. చేతుల కత్తి, పైన సూర్యచంద్రులు. హనుమంతుడనుకొని సింధూరం పూస్తరు కొన్ని ఊర్లల్ల. పూయనీయుండ్రి, ఆ సింధూరమే దాన్ని ఇన్నేండ్లు కాపాడింది. మేం ఒక ఊరికి పోయినప్పుడు అసొంటి రాయి రోడ్డు వెడల్పుల లేచిపోయి కల్వర్టు కాడ బోర్ల పడి ఉన్నది. ఎక్కడి నుంచి లేపిండ్రో చెప్పేటోడు లేడు. చోటు తెలవకపోతే ఆ రాయి సగం చరిత్ర పోయినట్టే.

గందుకే ఇంజనీరింగు, రెవెన్యూ శాఖల అన్నలకు ఒకటే మాట. రాయిని లేపకముందు ఒక ఫొటో తీయుండ్రి, సర్వే నంబరు రాయుండ్రి, పంచాయతీల ఒక కాపీ పెట్టుండ్రి. దీనికి జీవో అక్కెర లేదు, పావుగంట చాలు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో పని. 1948ల పదేండ్లున్నోళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డరు. రాష్ట్రం 2014ల వచ్చింది, ఆ ముసలోళ్ల దగ్గరికి మాత్రం ఇంకా మనం పోనేలేదు. సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ పక్కన కూసోండ్రి. స్తూపం మీదున్న మనిషి ఇంటిపేరు ఏంది, ఏం పని చేసేటోడు, పెండ్లాం పిల్లలు ఏమైండ్రు, అన్నీ అడుగుండ్రి. అవ్వ చెప్పిన తీరుగనే రాయుండ్రి, పుస్తకం భాషలకు మార్చకుండ్రి. ఇద్దరు రెండు తీర్ల చెప్తే రెండూ రాయుండ్రి.

రాసేటందుకు కాయితాలు వెనక బల్ల మీద పెట్టినం. ఊరికొకటి తీసుకపోండ్రి.