ప్రయాణమందు పుట్టినరోజు

 

నేటి ప్రసంగమునకు విషయము చిన్నది. పిల్లల పుట్టినరోజు ప్రయాణములో వచ్చినచో ఏమి చేయవలెను అనునదే ఆ విషయము. సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో వినవచ్చునని వచ్చినవారికి ఇది వంటింటి ముచ్చటగ తోచవచ్చును. కాని ఢిల్లీలో కొలువు చేయు తెలుగువారిలో, వేసవి సెలవులలో పుట్టిన బిడ్డ ఉన్న ప్రతి యింటను ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు తలయెత్తక మానదు.

కారణము స్పష్టము. ఇచ్చటి పాఠశాలలకు మే నెల నడుమనుండి జూన్ చివరివరకు సెలవులు. కేంద్రోద్యోగి కుటుంబముతో స్వస్థలమునకు పోయివచ్చుటకై ప్రయాణపు రాయితీ 1956లో ఏర్పడినది, ఎల్.టి.సి. అని అందరు పిలుచుకొను దానికి నేడు అమలులోనున్న నియమావళి 1988 నాటిది. రెండేండ్ల కొకమారు స్వంత ఊరు చూచి రావచ్చునని దాని సారాంశము. ఆ స్వంత ఊరు ఏదో ఉద్యోగి వ్రాసి యీయవలెను. తండ్రి వ్రాసి యిచ్చిన ఆ ఊరి పేరే, రామకృష్ణాపురములోనో సరోజినీ నగరులోనో పుట్టిన బిడ్డకు కూడ స్వస్థలమగుచున్నది. బిడ్డ యెరిగిన ఊరు ఒకటి. కాగితములోని ఊరు మరియొకటి. విజయవాడ ప్రాంతమువారికి ఆ రెంటి నడుమ సుమారు 1,750 కిలోమీటర్ల ఇనుపదారి కలదు.

ఆ దారికి దాదాపు నూరేండ్ల చరిత్ర యున్నది. గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్ 1929లో మొదట పెషావరు, మంగుళూరుల నడుమ నడచినది. పిదప ఢిల్లీ, మద్రాసుల బండియైనది. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ హైదరాబాదును రాజధానితో కలిపెను. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట ఆ బండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయ్యెను. 2015లో పాత పేరుతో విశాఖపట్టణమునకు వేరొక బండి వచ్చెను. పేర్లు మారినను, వేసవిలో ఆ పెట్టెలలో కూర్చుండు కుటుంబముల తీరు మారలేదు. మూడు తరముల తెలుగు పిల్లలు ఆగ్రా పేఠా, నాగపురపు నారింజల మీదుగనే తాతగారి యింటికి పోయిరి.

ఒక కుటుంబపు కథ చెప్పినచో విషయము తేటపడును. ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు ఒకరు. స్వస్థలము కృష్ణా జిల్లా పల్లె. వారి కుమార్తె 2015 మే 22న ఢిల్లీలో పుట్టెను. 2019లో ఆ బాలిక నాలుగవ పుట్టినరోజు బండిలో గడచినది. ఐదేండ్లు నిండని బిడ్డకు రైల్వేవారు టిక్కెట్టు అడుగరు గనుక, ఆనాడు ఆమె పేరైనను ప్రయాణికుల పట్టికలో లేదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా భయమున ఇంటి తలుపే సరిగ తెరువబడలేదు. 2022లో ఏడవ పుట్టినరోజు మరల బండిలోనే వచ్చెను. “ఊరు వెళ్ళాక చేద్దాంలే తల్లీ” అని తండ్రి యనెను. ఊరు చేరుసరికి దగ్గరి బంధువుల యింట పెండ్లి. ఆ సందడిలో ఏడవ పుట్టినరోజు ఎవరికిని జ్ఞప్తికి రాలేదు.

పాఠశాలలోను ఆమెకు ఆ ముచ్చట లేదు. తోటివారు తమ పుట్టినరోజున రంగుదుస్తులు వేసికొని వచ్చి తరగతి యంతటికి మిఠాయి పంచుదురు. సెలవులలో పుట్టిన పిల్లలకు ఆ భాగ్యము లేదు. ఆమె యిన్నేండ్లు ఇతరుల మిఠాయి తినినదే గాని తన మిఠాయి పంచి యెరుగదు.

2023 ఆరంభమున, తెలుగు పాఠములో పుట్టినరోజును గూర్చి పది వాక్యములు వ్రాసికొని రమ్మనిరి. రాజధానిలో తెలుగు పిల్లలు తెలుగు చదువుకొనుటకై దుర్గాబాయిగారు 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పినది మొదలు, ఇటువంటి వ్రాతపుస్తకము లెన్నియో తెలుగిండ్ల బల్లలమీద తెరువబడియుండును. ఆ బాలిక తన పుస్తకములో ఒకే వాక్యము వ్రాసి ఆపివేసెను: “నా పుట్టినరోజు రైల్లో వెళ్ళిపోతుంది.” అక్షరదోషములు దిద్దుటకు కూర్చున్న తండ్రికి ఆ వాక్యములో దిద్దవలసిన దేమియు కనబడలేదు.

ఆ యేటి టిక్కెట్లు మే 21కి అప్పటికే తీసియుండిరి. ఆనాడు 120 దినములు ముందుగ టిక్కెట్టు తీయు నియమముండెను. 2024 నవంబరునుండి అది 60 దినములైనది. వేసవి రద్దీలో దొరికిన టిక్కెట్టును మార్చుట కుదరని పని. కనుక పుట్టినరోజు బండిలోనే రావలెను. అయినచో బండిలోనే చేయవలెనని తల్లి నిశ్చయించెను.

ఇచ్చట ఒక ప్రశ్న. మన యిండ్లలో పుట్టినరోజన నేమి? పెద్దలనాటి పద్ధతి చూచినచో దానికి మండపము లేదు, పెద్ద ఖర్చు లేదు. తెల్లవారి తలంటు, క్రొత్త బట్ట, దేవునికి దండము, పెద్దల అక్షతలు, ఒక తీపి. పాలలో బెల్లము, నువ్వులు కలిపి మార్కండేయుని తలచుకొని బిడ్డచేత త్రాగించుట కొన్ని యిండ్లలో ఆచారము. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అను ఏడుగురు చిరంజీవులను స్మరించుటయు కలదు. ఇందులో ప్రయాణమునకు అడ్డు వచ్చునది ఏది? తలంటు ఒక్కటే. దానిని బయలుదేరునాటి వేకువనే ముగించుకొనవచ్చును. హారతి మాత్రము బండిలో పనికిరాదు. నూరుమంది నిద్రించు పెట్టెలో నిప్పు వెలిగించుట ప్రాణములతో చెలగాట మాడుటయే. కేకుమీది క్రొవ్వొత్తికైనను, పళ్ళెములోని కర్పూరమునకైనను అదే మాట.

ఆ తల్లి ఒక చిన్న డబ్బాలో పసుపు కలిపిన అక్షతలు, మరియొక దానిలో నువ్వులు, బెల్లపుపొడి సర్దుకొనెను. సున్నుండలు ఇరువది చేసెను. క్రొత్త గౌనును సంచి అడుగున బెట్టక, చేతి కందునట్లు పైననే యుంచెను. మే 22 ఉదయమున బండి నాగపురము చేరగానే తండ్రి దిగి వేడిపాలు తెచ్చెను. బాలిక ముఖము కడిగికొని క్రొత్త గౌను తొడుగుకొని వచ్చి కిటికీప్రక్కన కూర్చుండెను. తల్లిదండ్రులు అక్షతలు వేసి, నువ్వులపాలు త్రాగించిరి.

ఎదుటి బెంచీమీద ఒక మరాఠీ వృద్ధురాలు ఇదంతయు చూచుచుండెను. వారి దేశములోను పుట్టినరోజున బిడ్డకు దీపముతో దృష్టి తీయు ఆచారమున్నది. ఆ పళ్ళెములో బంగారపు టుంగరము, వక్క ఉంచుదురు. ఆమె తన వ్రేలి యుంగరము తీసి, సంచిలోని వక్కతో గూర్చి, దీపము లేకుండనే బాలిక ముఖముచుట్టు మూడుమార్లు త్రిప్పెను. పైబెర్తు మీదనుండి ఒక సిక్కు జవాను దిగి “జీతీ రహో బేటీ” అని తలమీద చేయి వేసెను. బాలిక సున్నుండల డబ్బా తీసికొని పెట్టె యీ కొననుండి ఆ కొనవరకు పంచుకొనుచు పోయెను. తరగతిలో పంచలేని మిఠాయిని ఆమె ఆనాడు పంచెను.

మధ్యాహ్నమునకు మంచిర్యాల దాటి బండి గోదావరి వంతెన నెక్కెను. నాయనమ్మకు ఫోను చేసిరి. వంతెన చప్పుడులో మాట సరిగ వినబడలేదు. వినబడినంతలో ఆమె యన్నది ఇది: “ఇవాళ తారీఖు తల్లీ. ఎల్లుండి పంచమి. అసలు పుట్టినరోజు ఎల్లుండి మా ఇంట్లో.”

ఆ మాటలో మన పంచాంగపు సౌకర్యము ఒకటి కలదు. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములే. కనుక తిథి ప్రతి యేడు పదునొకండు దినములు ముందునకు జరుగును. అధికమాసము వచ్చి దానిని మరల వెనుకకు నెట్టును. పందొమ్మిది యేండ్లలో ఏడు అధికమాసములు వచ్చును గనుక, అన్నేండ్లకు తిథియు తారీఖును మరల ఇంచుమించుగ ఒకచోట కలియును. నడుమ సంవత్సరములలో బిడ్డకు రెండు పుట్టినరోజులు. ఆ బాలిక పుట్టినది జ్యేష్ఠ శుద్ధ పంచమినాడు. 2023లో ఆ తిథి మే 24న వచ్చినది. తారీఖు బండిలో జరిగెను; తిథి తాతగారి యింట, నాయనమ్మ చేతి తలంటుతో, హారతితో జరిగెను. పాఠశాల, టిక్కెట్టు, సర్టిఫికెట్టు తారీఖును నమ్మును. నాయనమ్మ తిథిని నమ్మును. ఢిల్లీలో పెరుగు బిడ్డ రెంటిని ఎరిగియుండుట మంచిది. ప్రయాణములో తారీఖు చిక్కినచో తిథి యున్నదను ధైర్యము తల్లిదండ్రులకు ఉండవచ్చును. కాని తిథి యున్నదని తారీఖును విడువరాదు. బిడ్డ యెదురుచూచునది దానికొరకే.

దారిలో పండుగ చేసికొనుట మనకే పరిమితము కాదు. దక్కను నేలమీద ధాన్యము, ఉప్పు ఎద్దులపై మోసిన లంబాడీలు సంసారములతోనే నడచిరి. వారి బిడ్డలు దారిలోనే పుట్టి దారిలోనే పెరిగిరి. దూరమున ఆస్ట్రేలియా ఖండములో కుటుంబములు కారు వెనుక కేరవాన్ అను చక్రాల యిల్లు తగిలించుకొని నెలల తరబడి లోనాడు చూడబోవుచుండును. ఉత్తరమున డార్విన్ మొదలు దక్షిణమున పోర్ట్ అగస్టా వరకు గల స్టూవర్ట్ రహదారి సుమారు 2,700 కిలోమీటర్లు. నడుమ ఊరికి ఊరికి వందల కిలోమీటర్ల యెడము. అటువంటిచోట పుట్టినరోజు వచ్చినచో అంగడి కొరకు చూచి లాభము లేదు. ముందుగ సర్దుకొన్న సరుకుతోనే, చెట్టుక్రింద, ఆ రాత్రికి ప్రక్కన విడిసిన అపరిచితులతో కలిసి చేసికొనవలెను. ఆ తల్లి సర్దుకొను పిండిడబ్బాకును, ఈ తల్లి సర్దుకొన్న నువ్వుల డబ్బాకును భేదము లేదు.

ఇక ముఖ్యమైన మాట. మన ఉద్యోగములు మనకు వాయిదాను అలవాటు చేసినవి. నేటి ఫైలు రేపు చూచినను ఆ ఫైలే యుండును. పుట్టినరోజు అట్టిది కాదు. ఎనిమిదవ పుట్టినరోజును వచ్చే యేటికి వాయిదా వేసినచో, వచ్చే యేడు వచ్చునది తొమ్మిదవది. ఎనిమిదవది మరి రాదు. ఒక చిన్న లెక్క వేయుదము. బిడ్డకు జ్ఞాపకము నిలుచుట నాలుగవ యేట మొదలనుకొనుడు. పదునేడవ యేటికి చదువు పేర ఇల్లు విడుచుననుకొనుడు. తల్లిదండ్రుల యెదుట జరుగు పుట్టినరోజులు పదునాలుగే. రెండేండ్ల కొకమారు బండిలో పోగొట్టినచో అందులో సగము పోయినవి. ఈ లెక్కను సరిచేయుటకు ఏ పే కమిషనును రాదు.

2024లో ఆ కుటుంబము ఊరికి పోలేదు. తొమ్మిదవ పుట్టినరోజును ఇంటనే చేసిరి. బుడగలు కట్టిరి, ఇరుగుపొరుగు పిల్లలను పిలిచిరి, కేకు తెచ్చిరి. అంతయు సిద్ధమైన పిదప బాలిక తల్లి కొంగు పట్టుకొని, “అమ్మా, నువ్వులపాలు ఏవీ? ఉంగరం తిప్పేది ఎవరు?” అని అడిగెను. తల్లి తన యుంగరమునే తీసి వక్కతో కలిపి త్రిప్పెను. మరాఠీ వృద్ధురాలి దీవెన, కృష్ణా జిల్లా నువ్వులపాలతో కలిసి, ఆ యింటి ఆచారమైనది.

ఈ సభలోని వారిలో వచ్చే వేసవికి టిక్కెట్లు తీయువారు ఎందరో ఉందురు. సామానుల జాబితా వ్రాసికొనునపుడు, నీళ్ళసీసా, దుప్పటి, ఆవకాయ జాడీలతోబాటు, ప్రయాణపు తారీఖులలో పుట్టిన బిడ్డ ఉన్నదో లేదో ఒక్కమారు చూచుకొనుడు. ఉన్నచో ఒక చిన్న డబ్బాలో అక్షతలు వేసికొనుడు. సున్నుండలు మాత్రము ఇరువది చాలవు, పెట్టె పెద్దది.

పిల్లలందరు దీర్ఘాయుష్మంతులై వర్ధిల్లుదురు గాక.