మొదలు చెడని రాబడి



ఈ సాయంకాలము నేను మనవి చేయదలచిన విషయము మన వార్ధకమునకు సంబంధించినది. చెమటోడ్చి కూడబెట్టిన పైకము చేతనున్నది. ఇక ఆర్జించు శక్తి లేదు. ఆ పైకమును నిలుపుకొనుచు, దానివలన వచ్చు రాబడితో కాలము గడుపుట యెట్లు? నేను ముప్పది యేండ్లు బడిపిల్లలకు వ్యాకరణమును, లెక్కలును చెప్పినవాడను. ఉద్యోగము చాలించిన పిమ్మట, భూమి నమ్ముకొనినవారును, పింఛనుతోబాటు మొత్తపు సొమ్ము చేతికి వచ్చినవారును మా యరుగు మీదికి వచ్చి యీ ప్రశ్ననే యడుగుచుందురు. వారికి చెప్పు మాటలనే మీకును చెప్పెదను.

యోగక్షేమములు అను మాటను మన పెద్దలు ప్రతి యుత్తరమునందును వ్రాసెడివారు. లేనిదానిని పొందుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. యౌవనమున యోగము ముందు, క్షేమము వెనుక. వార్ధకమున క్షేమము ముందు, యోగము వెనుక. ముప్పదియేండ్లవాడు లక్ష పోగొట్టుకొనినను మరల సంపాదించును. డెబ్బదియేండ్లవాడు పోగొట్టుకొనినచో కొడుకుల ముఖము చూడవలసినదే. ఈ భేదమును మరచి యిద్దరికి నొకే సలహా చెప్పుట తగదు.

అయితే క్షేమమనగా సొమ్మును పెట్టెలో బెట్టి తాళము వేయుట కాదు. ధరలు ఏటేట నూటికి 6 వంతున పెరిగినచో పండ్రెండేండ్లకు రెట్టింపగును. అనగా నేటి నూరు రూపాయలు నాడు ఏబది రూపాయల పనియే చేయును. గాదెలోని ధాన్యమును పురుగు తినినట్లు ఇది చప్పుడు లేకుండ తినివేయును. కావున మన మొదలునకు ఇద్దరు శత్రువులు: హఠాత్తుగా పడిపోవుట యొకటి, మెల్లమెల్లగా కరగిపోవుట రెండవది. ఒకనికి వెరచి రెండవవాని నోట బడరాదు.

ముందుగా వాటాల బజారు సంగతి చూతము. బొంబాయి బజారు సూచికయైన సెన్సెక్సు 2008 జనవరిలో 21 వేలకు చేరినది. 2009 మార్చిలో 8 వేల పైచిలుకునకు దిగినది. మరల 21 వేలను చూచినది 2010 నవంబరులో. 2020 జనవరిలో 42 వేల దరిదాపున నున్నది మార్చి 23వ తేదీకి 26 వేలకు పడి, ఆ నవంబరునాటికే కోలుకొన్నది. ‘కోలుకొన్నది గదా, భయమేల?’ అని కొందరందురు. జపాను దేశపు నిక్కీ సూచిక 1989 డిసెంబరునాటి యెత్తును మరల దాటినది 2024 ఫిబ్రవరిలో! నడుమ గడచినవి ముప్పదినాలు గేండ్లు. అరువదవ యేట సొమ్ము పెట్టినవానికి అప్పటికి తొంబదినాలుగు వచ్చును.

ఇక లెక్క చూడుడు. ఒకడు పది లక్షలు వాటాలలో నుంచి, ఏటికి 80,000 తీసికొని జీవించుచున్నాడనుకొందము. తొలి యేడే బజారు నూటికి 40 పడినది. ఆరు లక్షలు మిగిలెను. కుటుంబము గడుపుటకు 80,000 తీయగా 5,20,000 నిలిచినది. ఏమియు తీయనివాని సొమ్ము మరల పది లక్షలగుటకు నూటికి 67 పెరిగిన చాలును. మనవాని సొమ్మునకు నూటికి 92 పెరుగవలెను. మరుసటి యేడును తీయక తప్పదు గదా! కనుక పతనమొక్కటియే మనుష్యుని చెరుపదు. పతనకాలమున అమ్ముకొనవలసి వచ్చుట చెరుపును. కఱవున విత్తనపు వడ్లు దంచుకొని తిన్నవానికి వాన వచ్చినను చల్లుటకు గింజ యుండదు.

వాటాల జోలికి పోక, ఏటేట క్రమముగా పంచి యిచ్చువారి నాశ్రయించిన చాలునా? పార్లమెంటు చట్టముచే నేర్పడిన యూనిట్ ట్రస్టు వారు 1964లో పది రూపాయల యూనిట్లతో నొక పథకమును ప్రారంభించిరి. దానిని యు.ఎస్. 64 అనిరి. ఏటేట రాబడి పంచి యిచ్చుచుండుటచే ఉద్యోగము విరమించినవారును, వితంతువులును దానిని బ్యాంకు నిల్వవలెనే భావించిరి. కాని కాలక్రమమున అందలి ధనములో సగమునకు మించి వాటాలలోనికి పోయినది. యూనిట్లను తిరిగి కొను ధరను ఆస్తి విలువనుబట్టి కాక ట్రస్టువారే నిర్ణయించుచుండిరి. ఆస్తి తగ్గినను ధర తగ్గలేదు. తుదకు 2001 జూలైలో అమ్మకమును, తిరిగి కొనుటయు ఆరు నెలలు నిలిపివేసిరి. పిదప ప్రభుత్వము కలుగజేసికొని, 2002 చట్టముచే ఆ ట్రస్టును రెండుగా విభజించి, 2003లో యూనిట్లకు బదులు నూటికి 6.75 వడ్డీ గల ఋణపత్రముల నిచ్చినది. మొదలు పూర్తిగా మునిగిపోలేదు. కాని కూతురి పెండ్లికో, వైద్యమునకో ఆ నెలలలో సొమ్ము కావలసినవాని యవస్థ యోజింపుడు.

దీనినుండి మూడు ప్రశ్నలు నేర్వవలెను. నాకిచ్చు రాబడి యెచ్చటనుండి వచ్చుచున్నది? నా సొమ్మునకు వెల కట్టువా డెవడు? నాకు కావలసిననాడు చేతికి వచ్చునా? ఈ మూటికి తిన్నని సమాధానము చెప్పనివానికి, ఎంత వడ్డీ చూపినను, పైకము నీయకుడు.

బ్యాంకులును పూర్వము మునిగినవి. 1906లో మదరాసు ఆర్బత్నాట్ సంస్థ కూలినప్పుడు ఎందరో గృహస్థులు దివాలా తీసిరి. 1960లో కేరళదేశపు పాలై సెంట్రల్ బ్యాంకు మూతబడినది. పిమ్మట 1962 జనవరినుండి నిల్వలకు భీమా కల్పింపబడెను. నాడు 1,500 రూపాయల వరకే యున్న యీ రక్షణ 2020 ఫిబ్రవరిలో 5 లక్షలకు పెంచబడినది. అసలును వడ్డీయు కలిసి, ఒక్కొక్క బ్యాంకున ఒక్కొక్కరికి ఇది హద్దు. గ్రామ ప్రాథమిక సహకార సంఘములలోని నిల్వలకు ఈ భీమా వర్తింపదని గుర్తుంచుకొనుడు.

నేను చెప్పు పద్ధతి మూడు గాదెల పద్ధతి. మొదటి గాదెలో రెండేండ్ల గృహవ్యయమును, వైద్యమునకు కొంతయు బ్యాంకులో నుంచుడు. హద్దు మించినచో రెండు బ్యాంకులలో పంచుడు. రెండవ గాదె స్థిరమైన రాబడికి. అరువదియేండ్లు నిండినవారికి 2004లో ఏర్పడిన వృద్ధుల పొదుపు పథకము తపాలా కార్యాలయమున లభించును. 2023లో దాని పరిమితి 30 లక్షలకును, వడ్డీ నూటికి 8.2కును పెంచబడినవి, మూడు నెలల కొకసారి వడ్డీ చేతికి వచ్చును. ప్రభుత్వ ఋణపత్రములును ఈ గాదెలోనివే. అయితే నూటికి 7 ఇచ్చు పత్రము మీయొద్ద నుండగా, క్రొత్తవి 8 ఇచ్చినచో, మీదాని వెల తగ్గును. గడువు తీరువరకు ఆగగలవానికి పూర్తి మొత్తము వచ్చును, ఆగలేనివాడు నష్టపడును.

ఈ రెండును నిండిన పిమ్మటనే మూడవ గాదె. పదేండ్లు ముట్టనక్కరలేని సొమ్ము, సగము పడినను నిద్రచెడని సొమ్ము, పెక్కు కంపెనీల వాటాలను కలిపి కొను మ్యూచువల్ ఫండులో నుంచవచ్చును. బజారు పడిన యేడు మొదటి గాదెనుండి తినుడు. పెరిగిన యేడు మూడవదానినుండి తీసి మొదటిదానిని నింపుడు.

మఱియొక మాట. వడ్డీ యంతయు రాబడి కాదు. ఎనిమిది లక్షలకు నూటికి 8 చొప్పున 64,000 వచ్చును. ధరలు నూటికి 6 పెరిగినచో, మొదలు బలము తగ్గకుండుటకు 48,000 తిరిగి చేర్చవలెను. మిగిలిన 16,000 మాత్రమే నిజమైన పంట. అంత పొదుపు అందరివలన కాదు. వృద్ధుడు తన మొదలును కొంత తినుట పాపమును గాదు. కాని తినుచున్నానని తెలిసి తినవలెను.

తుదకు, పత్రములెచ్చటనున్నవో ఇల్లాలికి చెప్పుడు; ప్రతి ఖాతాకును నామినీ పేరు వ్రాయింపుడు. బిడ్డలు వ్యాపారమునకు సొమ్మడిగినచో మూడవ గాదెనుండి ప్రేమతో నిండు. మొదటి రెండింటి జోలికి మాత్రము పోనీయకుడు. అది కాఠిన్యము కాదు. తమ తిండి తాము తినగల తలిదండ్రులు బిడ్డలకు బరువు కారు. ఆ గౌరవమే మనము వారికి విడిచిపోగల ఆస్తి.