చెరువుల సీమలో రైలు దారి



స్మారకోపన్యాసాలు సాధారణంగా ఒక మహనీయుడి పేరున జరుగుతాయి. ఈ రోజు మనం తలుచుకుంటున్నవాళ్ళకు విగ్రహాలు లేవు, జయంతులూ లేవు. వానాకాలంలో వంతెన కూలో, చెరువు తెగో, పట్టాల కింది మట్టి కొట్టుకుపోయో ప్రాణాలు పోగొట్టుకున్న సాధారణ ప్రయాణికులు వాళ్ళు. చేతిలో టికెట్టు తప్ప ఏ గుర్తింపూ లేనివాళ్ళు. వాళ్ళను తలుచుకుంటూ మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు రైలు చరిత్రను మీ ముందు పెడతాను. నేను చెప్పదలచింది ఒక్కటే. ఇన్నేళ్ళుగా మనం రైలు అడుగుతూ వచ్చాం గానీ మన అర్జీల్లో వాన ఊసు ఎత్తలేదు. ఇకమీదట ఎత్తాలి.

మొదటి నుంచి మొదలుపెడదాం. నిజాం రాజ్యంలో మొదటి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నడిచింది. మన ఊరి పట్టాలు ఆ తర్వాత పాతికేళ్ళకు వచ్చాయి. హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే అనే పేరుతో సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా 391 మైళ్ళ మీటర్ గేజి దారి వేశారు. 19వ శతాబ్దం ముగిసి 20వ శతాబ్దం మొదలయ్యే వేళ అది పూర్తయింది. సికింద్రాబాద్ కంటోన్మెంటును బొంబాయి దారితో కలపడం, మరాఠ్వాడా పత్తిని బయటికి తీసుకెళ్ళడం దాని అసలు పనులు. కామారెడ్డినో భిక్కనూరునో అడిగి వేసిన దారి కాదది. కానీ పట్టా పడ్డ తర్వాత ఊళ్ళు దాన్ని తమదిగా చేసుకున్నాయి. దోమకొండ సంస్థానం నీడలో ఉన్న కామారెడ్డి స్టేషనున్న ఊరై, బెల్లం మార్కెట్టుకు పేరు తెచ్చుకుని, చివరికి 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. ఒకప్పుడు కోట ఉన్న ఊరు పెద్దది. తర్వాత రైలు ఆగే ఊరు పెద్దదైంది.

ఎల్లారెడ్డి కథ వేరు. మంజీర వైపున్న ఆ సీమకు నీళ్ళు వచ్చాయి, పట్టాలు రాలేదు. 1922లో పోచారం ప్రాజెక్టు పూర్తయింది. 1931లో నిజాంసాగర్ వచ్చింది. దాని నీళ్ళతో పండిన చెరకు కోసం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న బోధన్‌కు జానకంపేట నుంచి శాఖ లైను ఉంది. ఈ ప్రాజెక్టుల పక్కనున్న ఎల్లారెడ్డి మాత్రం రైలెక్కాలంటే ఇప్పటికీ కామారెడ్డికో మరో ఊరికో బస్సులో పోవలసిందే. కంటోన్మెంటుకు, పత్తికి, పంచదారకు దారి వేసినవాళ్ళు మనుషుల రాకపోకలను చివరి లెక్కగానే చూశారు. రైలు కోసం జనం అర్జీలు పెట్టుకోవలసి రావడానికి మూలం ఇక్కడే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత బోర్డులు మారాయి. నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1977లో హైదరాబాద్ డివిజను వచ్చింది. పట్టాలు మాత్రం చాలాకాలం మీటర్ గేజిలోనే ఉండిపోయాయి. మన్మాడ్ వైపు 1990లలో బ్రాడ్ గేజి వచ్చింది. మనవైపుకు ఆ మార్పు చేరేసరికి కొత్త శతాబ్దం మొదలైంది. అప్పటిదాకా దూరప్రాంతం వెళ్ళాలంటే సికింద్రాబాద్‌లోనో మన్మాడ్‌లోనో దిగి, సామాను దించుకుని, ఇంకో బండి వెతుక్కోవాలి. బొంబాయికి, భివండికి బతుకుదెరువు కోసం పోయిన మన పల్లెల వాళ్ళకు ఈ తిప్పలు బాగా తెలుసు. ముంబయికి దేవగిరి, తిరుపతికి రాయలసీమ, మన్మాడ్‌కు అజంతా బండ్లు కామారెడ్డి మనిషికి ఇంటి పేర్లంత దగ్గరయ్యాయంటే కారణం ఆ పాత కష్టమే.

ఇక ఉద్యమాల సంగతి. పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైనుకు 1993లో ప్రధాని పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేశారు. సుమారు 177 కిలోమీటర్ల దారి. ముక్కలు ముక్కలుగా సాగి, 2017లో నిజామాబాద్ చేరింది. అంటే శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడు చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే వయసుకు వచ్చాడు. ఎంతమంది ఎంపీలు మారారో, ఎన్ని బడ్జెట్లు గడిచాయో లెక్క చూసుకోండి. మెదక్‌ది మరో కథ. జిల్లాకు తన పేరిచ్చిన మెదక్ పట్టణానికి తరతరాలుగా రైలు లేదు. ఖర్చులో సగం, భూమి రాష్ట్రం ఇస్తేనే లైను వేస్తామన్న షరతు మీద అక్కన్నపేట నుంచి 17.2 కిలోమీటర్ల దారి మంజూరై, 2022 సెప్టెంబర్ 23న మొదలైంది. పదిహేడు కిలోమీటర్లకు పదేళ్ళు పట్టింది. బోధన్ నుంచి బీదర్ దాకా లైను కావాలన్న డిమాండు ఇంకా సర్వేల దశ దాటలేదు.

ఈ ఉద్యమాల్లో గెలిచినవాటికి ఒక లక్షణం ఉంది. రాస్తారోకోతో ఒక్కరోజు వార్తల్లోకి ఎక్కినవాళ్ళ కంటే, ఏళ్ళ తరబడి కాగితం వెంట నడిచినవాళ్ళే రైలు తెచ్చారు. రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీలు డివిజనులోనూ జోనులోనూ ఉన్నాయి. టైంటేబులు మారేముందు సలహాలు అడుగుతారు. కొత్త హాల్టును రైల్వే మొదట ప్రయోగాత్మకంగా ఇస్తుంది. ఆ గడువులో ఆ స్టేషను కౌంటరులో ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో చూసి కొనసాగిస్తుంది, లేదా ఎత్తేస్తుంది. మన ఊళ్ళో హాల్టు వచ్చిందని దండలు వేసి, మర్నాటి నుంచి టికెట్టు పక్క స్టేషనులో కొంటే ఆ హాల్టు నిలవదు. కరోనా తర్వాత ప్యాసింజరు బండ్లు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో తిరిగొచ్చినప్పుడు, చిన్న స్టేషన్లలో ఆగే బండ్లు తగ్గినప్పుడు, ఉప్పల్‌వాయి, తలమడ్ల లాంటి చోట్ల బండి దిగి పనులకు పోయే మనిషికి అది నేరుగా కూలి మీద పడిన దెబ్బ.

ప్రాణాలు పోతే గానీ కదలని ఫైళ్ళూ ఉన్నాయి. 2014 జులై 24న మన సికింద్రాబాద్–నిజామాబాద్ లైనులోనే మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు స్కూలు బస్సును ఢీకొట్టి చిన్నపిల్లలు చనిపోయారు. 2019 జనవరికల్లా దేశంలోని బ్రాడ్ గేజి మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. ముందే చేయగలిగిన పనే.

ఇప్పుడు వాన సంగతికి వస్తాను. తెలంగాణ చెరువుల సీమ. పై చెరువు మత్తడి దూకితే నీళ్ళు కింది చెరువుకు పోతాయి, అది నిండితే ఇంకో చెరువుకు. ఈ గొలుసుకట్టు కాకతీయుల కాలం నుంచీ ఉంది. దాని మధ్య నుంచి మనం పొడుగాటి మట్టికట్ట పోసి దాని మీద పట్టాలు పరిచాం. నీళ్ళ దృష్టిలో రైలు కట్ట కూడా చెరువు కట్టే, కాకపోతే మత్తడి లేని కట్ట. వంతెన, కల్వర్టు ఎంత వెడల్పుంటే అంత నీరే పోతుంది. మిగిలింది కట్టకు ఆనుకుని నిలబడుతుంది. మట్టి నాని జారితే పైన పట్టాలు ఉయ్యాలలా వేలాడతాయి. చీకట్లో ఇంజను డ్రైవరుకు పట్టాలు కనిపిస్తాయి, కింద నేల లేదన్న సంగతి కనిపించదు.

ఇది ఊహ కాదు, మన అనుభవం. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర వరదకు వంతెన కూలి రైలు వాగులో పడింది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య మరో వంతెన కూలింది. రెండు చోట్లా వందమందికి పైగా చనిపోయారు. మహబూబ్‌నగర్ ప్రమాదానికి బాధ్యత తనదంటూ రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరగకముందే తమిళనాడులోని అరియలూరు దగ్గర మళ్ళీ వరద ప్రమాదం జరిగాక శాస్త్రి పదవి వదిలారు. శాస్త్రిగారి రాజీనామా మనకు నైతిక పాఠంగా గుర్తుంది. దాని వెనక మన మహబూబ్‌నగర్ వాగు ఉందన్నది తక్కువమందికి గుర్తు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, 2005 అక్టోబర్ 29న, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజరు వలిగొండ దగ్గర పడిపోయింది. ఎగువన చెరువు తెగి వచ్చిన నీరు పట్టాల కింది కట్టను కోసుకుపోయింది. అక్కడా నూరు ప్రాణాలకు పైగా పోయాయి. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. ఈసారి బండ్లను ముందే ఆపగలిగారు కాబట్టి ప్రాణనష్టం తప్పింది.

తెగితే రైలు కట్టకు ప్రమాదం తెచ్చే చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది. వానాకాలానికి ముందు రైల్వే ఇంజినీర్లు, నీటిపారుదల శాఖవాళ్ళు కలిసి ఆ కట్టలు చూడాలన్నది నియమం. చెరువు రాష్ట్రానిది, పట్టా కేంద్రానిది. ప్రమాదం మాత్రం ఆ రెండు ఆఫీసుల మధ్య ఖాళీ స్థలంలో పుడుతుంది. మన జిల్లాకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. చెరువుల పునరుద్ధరణ కోసం మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్‌లోనే, 2015 మార్చి 12న.

2025 ఆగస్టు 27. వినాయక చవితి. ఆ రోజును మీలో చాలామంది మరచిపోలేరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించిన వాన పడింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. 44వ నంబరు జాతీయ రహదారి తెగింది. భిక్కనూరు–తలమడ్ల మధ్య, అక్కన్నపేట–మెదక్ మధ్య పట్టాల మీదుగా నీరు పారి కింది కంకర, మట్టి కొట్టుకుపోయాయి. బండ్లు చాలా రద్దయ్యాయి. కొన్నిటిని నిజామాబాద్ నుంచి పెద్దపల్లి, కాజీపేట మీదుగా మళ్ళించారు. కరీంనగర్ వాళ్ళు ఇరవై నాలుగేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న లైను ఆ రోజు మన లైను బండ్లకు దారి ఇచ్చింది. ఒక ప్రాంతం అడిగి సాధించింది ఇంకో ప్రాంతాన్ని కాపాడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. అయితే అలా మళ్ళిన బండి కామారెడ్డికి రాదు. మన ఊరికి రెండో దారి లేదు.

ఎల్లారెడ్డికి మొదటి దారే లేదు. ఆ రోజు లింగంపేట మండలం లింగంపల్లి ఖుర్దు దగ్గర వంతెన దెబ్బతిని కామారెడ్డి రోడ్డు పోయింది. పోచారం మీదుగా ఎన్నడూ చూడనంత నీరు దూకి మెదక్ రోడ్డూ పోయింది. నూరేళ్ళ నాటి పోచారం కట్ట నిలబడింది. నిన్నమొన్నటి రోడ్లు నిలబడలేదు. ఆ కట్ట కట్టినవాళ్ళు నీరు పోయే దారిని ముందు ఆలోచించారు.

ఇప్పుడు మన చేతిలో ఒక అవకాశం ఉంది. 2023 ఆగస్టులో కేంద్రం ముద్ఖేడ్–మేడ్చల్, మహబూబ్‌నగర్–ధోన్ మార్గాల డబ్లింగుకు అనుమతి ఇచ్చింది. రెండూ కలిపి 417.88 కిలోమీటర్లు, వ్యయం 5,655 కోట్లు. అదే నెలలో అమృత్ భారత్ పథకం కింద కామారెడ్డి స్టేషను ఆధునికీకరణ పనులకు శంకుస్థాపన జరిగింది. ముద్ఖేడ్–మేడ్చల్ మార్గంలోనే ఉన్న మన దారికి రెండో లైను పడుతుందంటే ప్రతి వాగు మీదా, ప్రతి ఒర్రె మీదా కొత్త వంతెన వస్తుంది. వంతెనలకు సాధారణంగా యాభై ఏళ్ళకు ఒకసారి, ముఖ్యమైనవాటికి నూరేళ్ళకు ఒకసారి వచ్చే వరదను లెక్కలోకి తీసుకుంటారు. అర్గొండ వాన ఆ లెక్కలో చేరిందా లేదా అని అడగవలసిన సమయం ఇదే. కాంక్రీటు పోశాక అడిగి లాభం లేదు. స్టేషనుకు రంగులు, లిఫ్టులు కావాలి, కాదనను. తలమడ్ల దగ్గర కల్వర్టు వెడల్పు అంతకంటే ముఖ్యం.

అందుకని ఇక్కడున్న ప్రయాణికుల సంఘాలకు, గ్రామ పంచాయతీలకు నా వినతి ఇది. ఇకమీదట మనం ఇచ్చే ప్రతి అర్జీలో హాల్టు, కొత్త బండి, టైము మార్పులతో పాటు మూడు సంగతులు రాద్దాం. ఒకటి, భిక్కనూరు నుంచి ఇందల్వాయి దాకా లైనుకు ఎగువనున్న చెరువుల జాబితాను బహిరంగంగా పెట్టాలి, ఏటా మృగశిర కార్తెకు ముందు ఉమ్మడి తనిఖీ జరగాలి, దానికి ఊరివాళ్ళను పిలవాలి. రెండు, 2025 వరద ఎక్కడ ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ ఊళ్ళ పెద్దల చేత గుర్తులు పెట్టించి డబ్లింగు ఇంజినీర్లకు ఇవ్వాలి. మూడు, మెదక్‌లో ఆగిపోయిన పట్టాను ఎల్లారెడ్డి, బాన్సువాడల మీదుగా బోధన్ పట్టాతో కలపాలి. అటు ఒక కొస, ఇటు ఒక కొస, నడుమ ఎల్లారెడ్డి. ఆ లైను వస్తే ఎల్లారెడ్డికి మొదటి దారి, నిజామాబాద్–హైదరాబాద్ ప్రయాణికులకు రెండో దారి ఒకేసారి వస్తాయి.

మూడో కోరిక తీరడానికి పదేళ్ళు పట్టవచ్చు, ఇరవై పట్టవచ్చు. మొదటి రెండింటికి పైసా ఖర్చు లేదు, ఈ వానాకాలం లోపే చేయవచ్చు. వరద నీరు మీ గోడ మీద ఎంతవరకు వచ్చిందో మీకు తెలుసు. వెళ్ళి గీత గీయండి, తేదీ రాయండి, ఫొటో తీసి డివిజను ఆఫీసుకు పంపండి. మనం ఈ రోజు తలుచుకున్నవాళ్ళకు చెల్లించగల నివాళి అదే.