సంఘం ఎవరి ఉప్పు తింటోంది?

(ఒక పల్లె సంఘం కోత పండుగ సభలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలివి. ఫోనులో రికార్డు చేసిన దాన్ని విని రాసుకున్నాం. ఊరి పేరు కావాలనే వేయడం లేదు. – సం.)

సంఘ పెద్దలకు, అయ్యగారికి, అమ్మగారికి వందనాలు. కుర్చీలు చాలక చాపల మీద కూర్చున్న అమ్మలకు, అక్కలకు ముందు చెప్పాల్సింది. అలవాటు కొద్దీ పెద్దలు ముందొచ్చారు, ఏమనుకోవద్దు. గోడవతల నిలబడి వింటున్న తమ్ముళ్లకు జై భీమ్. గుడిలో జై భీమ్ ఏందని ఒకరిద్దరు మొహాలు చూసుకుంటున్నారు. ఫర్వాలేదు, అందులోకీ వద్దాం.

అయ్యగారు నన్ను ‘నమ్మకమైన సంఘం’ అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ప్రసంగీకుణ్ణి కాదు. ఐదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాణ్ణి. నన్ను పిలిస్తే ఏం మాట్లాడతానో అయ్యగారికి తెలుసు. తెలిసీ పిలిచారు. ఆ ధైర్యానికి ఆయనకు ఇంకో వందనం.

నమ్మకం, విశ్వాసం అనే మాటలు మన పల్లెలోకి బైబిలుతోపాటు రాలేదు. అంతకు ముందే కామందు వాకిట్లో విన్నాం. మా తాత పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో పాలేరుతనం చేశాడు. ఆయన పోయిననాడు ఆ కామందు పల్లె మొగదల దాకా వచ్చి, దూరం నుంచే చూసి, ‘వీడంత విశ్వాసం గల మనిషి మళ్లీ దొరకడు’ అన్నాడంట. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత మంచి మాటన్నాడో అని కళ్లు తుడుచుకున్నారు. మా నాయనమ్మ మాత్రం బతికినన్నాళ్లూ ఆ మాటను కడుపులో పెట్టుకుంది. ‘కుక్కనన్నట్టు అన్నాడు రా’ అనేది.

అందుకే సంఘం నమ్మకంగా ఉండాలని ఎవరైనా అంటే నాకు మొదట వచ్చే అనుమానం, ఎవరికి నమ్మకంగా అని. దేవునికి అంటారు. ఒప్పుకుంటాను. కానీ దేవునికి నమ్మకంగా ఉన్నారో లేదో మనుషుల దగ్గరే తెలుస్తుంది. ఆకలైనవాడికి పెట్టారా, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడబోయారా అనే కదా ఆయన కడపట అడుగుతానన్నది? ఎన్ని ఉపవాస కూటాలు పెట్టారని అడుగుతానన్లేదు.

మన వాళ్లలో ఇంకో మాట ఉంది, ఉప్పు తిన్న విశ్వాసం అని. పొద్దున వేలంలో ఒక గుమ్మడికాయ ఏడొందలకు పోయింది. పాడినాయన గల్ఫులో పనిచేసొచ్చిన తమ్ముడు. మంచిది. కానీ ఈ గుడి గుమ్మడికాయల మీద నడవడం లేదు. మూల ఆ డబ్బా చూడండి. అన్నం వండబోయే ముందు ప్రతి ఇంట్లో ఆడమనిషి ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడితే, ఆదివారం ఆదివారం ఆ డబ్బాలో పడుతుంది. నాట్లేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసి తెచ్చుకున్న కూలిలో అది పిడికెడు. కోత మన చేతిది, పంట మనది కాదు, అయినా కోత పండుగ చేసుకుంటున్నాం. ఈ సంఘం తినే ఉప్పు అదీ. ఈ మధ్య ఇంకో ఇంటి ఉప్పు కూడా కలిసింది. దాని సంగతి కాసేపాగి చెప్తాను.

మన సంఘాలు ఎట్లా పుట్టాయో పిల్లలకు చెప్పే పెద్దలు తగ్గిపోయారు. దొరలొచ్చారు, బాప్తిస్మాలిచ్చారు అంటారు. ఒంగోలు సంగతి తీసుకోండి. క్లౌ దొర 1866లో ఒంగోలు చేరేనాటికే, పడమటి పల్లెల్లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉన్నాడు. చర్మాల బేరం మీద ఊళ్లు తిరుగుతూ సువార్త విని, తనవాళ్లకు చెప్పుకుంటున్నాడు. అంటే దొర వచ్చి పేరయ్యను లేపలేదు. పేరయ్యే దొరను తన పల్లెకు రప్పించుకున్నాడు.

అదే కాలంలో ఒంగోలు బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు. వాళ్ల పెద్దలు మెత్తగా మాట్లాడుతున్నారు. మాదిగలు మందగా రావడం మొదలవగానే, వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. దొరకు పెద్ద చిక్కొచ్చింది. చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు, ఊరంతా మాట వినేవాళ్లు ఒక వైపు. చెప్పులు కుట్టేవాళ్లు ఇంకో వైపు. ఆయనా, ఆయన భార్యా వేరు వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనపడిందని ఆయనే రాసుకున్నాడు. గొప్పవాళ్లను కాదు, ఎన్నికలేనివాళ్లనే దేవుడు ఏరుకున్నాడనే భాగం. అది అచ్చం అట్లాగే జరిగిందా అని లెక్కల మాస్టరు అడగకూడదు. తేల్చుకోవడం మాత్రం నిజం. పై కులాలవాళ్లు వెనక్కి తగ్గారు, మాదిగలు లోపలికొచ్చారు.

తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టు క్లౌ తీసుకుని మన వాళ్లకు పని చూపించాడు. కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు, గింజల కోసం చేరారనే మాట రాకూడదని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ‘మీ తాతలు గింజల కోసం మతం మారారు’ అని ఈసారి ఎవడైనా అంటే, ఈ లెక్క చెప్పండి.

ఆ చేరినవాళ్లకు పెట్టిన షరతుల్లో నన్ను ఆపేసేది ఒకటుంది. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు, ఆదివారం పని చేయొద్దు. మూడోది వినడానికి భక్తి మాటలా ఉంటుంది. వెట్టి చేసే మనిషికి అది భక్తి ఒక్కటే కాదు. ఏడు రోజుల్లో ఒక రోజు కామందు కేకేస్తే ‘రాను’ అనడం. మన పల్లెల్లో మొట్టమొదటి సమ్మె ఆదివారమే అని నేనంటాను. చరిత్ర చదువుకున్నవాళ్లు నాతో తగాదా పడితే పడనీండి.

ఆ సంఘాల పిల్లల పిల్లలే కారంచేడులో ఉన్నది. 1985లో మాదిగపల్లె తాగే చెరువు నీళ్లు కుడితి బకెట్లు కడిగి పాడు చేస్తున్నారని అడిగినందుకు దెబ్బలు పడ్డాయి. అడ్డంపడి బిందె ఎత్తిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. ఆ పేరు పెట్టినవాళ్లు ఏమనుకుని పెట్టారో గానీ, ఆ రోజు సువార్త అంటే బిందె ఎత్తడం. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడి శిబిరంలోంచే దళిత మహాసభ లేచింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ఆ రోజుల్లో లేచిన నాయకులే. జై భీమ్ గుడిలోకి ఎట్లా వచ్చిందని అడిగారు కదా, గుడి గేటు తెరిచి ఉంచిన రోజున వచ్చింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి ఎంత కొట్లాడారో మీలో పెద్దలకు తెలుసు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నేను చెప్పదలుచుకున్నది తీర్పు గురించి కాదు. సాక్షుల గురించి. మనం శనివారం కూటంలో ‘సాక్ష్యం చెప్పండి’ అంటాం. జ్వరం తగ్గింది, గేదె దొరికింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది అని చెప్తాం. మంచిదే. చుండూరు కూలీలు పదహారేళ్లు ఆశ చూపినా, భయం పెట్టినా బోనులో నిలబడి వేలు చూపించి చెప్పారు. సాక్ష్యమంటే అదీ. వాళ్లను ఏ సంఘం బల్ల దగ్గర నిలబెట్టి సన్మానించిందో నాకు తెలియదు.

ఇప్పుడు మన ఊరు.

మీకు తెలియనిది కాదు గనక పేర్లు చెప్పను. బజార్లో బండి హారను గట్టిగా కొట్టాడని మన సంఘం పిల్లవాణ్ణి, పంతొమ్మిదేళ్లవాణ్ణి, స్తంభానికి ఆనించి కొట్టారు. కులం పేరు పెట్టి తిట్టారు. వాణ్ణి ఆసుపత్రికి మోసింది ఎవరు? మన గుడి కుర్రాళ్లు కాదు. మాదిగపల్లె బాప్టిస్టు గుడి కుర్రాళ్లు. మనం వాళ్ల గుడిలో బల్ల తీసుకోం, వాళ్లు మన గుడికి రారు. యేసు ఒక్కడే, గుళ్లు మాత్రం కులానికొకటి. వర్గీకరణ గొడవ వచ్చినప్పుడల్లా రెండు గుళ్ల మైకులూ ఒకదాన్నొకటి తిడతాయి. ఆ రాత్రి వాళ్లు మన పిల్లవాడి కులం అడగలేదు. ఇది మనకు సిగ్గు. నాకూ సిగ్గే, నేనా రాత్రి టౌన్లో ఉన్నానని చెప్పుకుంటున్నాను గానీ మర్నాడు కూడా పదిన్నర దాకా రాలేదు.

ఆ తల్లి వచ్చి గంట కొట్టించమంది. గుడికి రాజకీయాలెందుకమ్మా అన్నారు పెద్దలు. తర్వాత నెలకే ఈ గుడి ముందు ఆర్చీ లేచింది. కట్టించినాయన కొట్టినవాడికి వరసకు మేనమామ. పిడికెడు బియ్యంలో కలిసిన ఇంకో ఉప్పు అన్నానే, ఇదీ.

అయ్యగారు ఆ తల్లి దగ్గరకు వెళ్లి క్షమించమన్నారు. వాక్యంలో ఉన్నదే చెప్పారు. ఒక్కటి అడుగుతాను అయ్యగారూ, చిన్నవాణ్ణి గనక అడుగుతాను. కొట్టినవాడి దగ్గరకు వెళ్లి పశ్చాత్తాపపడమని చెప్పారా? అది కూడా వాక్యమే. జక్కయ్య నాలుగింతలు తిరిగిచ్చాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నారు. మనం మాత్రం జక్కయ్యను చెట్టు మీదే కూర్చోబెట్టి, కింద ఉన్నవాళ్లను క్షమించమంటున్నాం.

అసలు సంగతికొస్తున్నా. పోయిన వారం ఎదుటి పక్షంవాళ్లు వచ్చి బాప్తిస్మం రిజిస్టరు నకలు అడిగారు. ఎందుకో తెలుసా? 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. మనకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీని బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం రిజర్వేషను. 2023లో మన అసెంబ్లీ మనల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025లో హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, మతం మారిన రోజే ఎస్సీ హోదా పోయిందని కొట్టేసింది. కాబట్టి పిల్లవాడి పేరు మీ రిజిస్టరులో ఉంటే, వాడి ఒంటి మీద దెబ్బలు చట్టం కంటికి ఆనకుండా పోతాయని వాళ్ల లెక్క.

స్తంభానికి ఆనించి కొట్టినవాడు రిజిస్టరు చూసి తిట్టలేదు. వాడికి మన పల్లె చాలు.

మనలో బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉన్నవాళ్లు ఎంతమందో చేతులెత్తమనను. నా సర్టిఫికెట్లూ అడగొద్దు. రెండు పేర్లు పెట్టుకునేలా మనల్ని నెట్టింది ఆ మూడో పేరా. పట్నంలో భద్రంగా ఉద్యోగం చేసుకునే కొందరు క్రైస్తవ పెద్దలు ‘అబద్ధం ఆడేవాడు విశ్వాసి కాడు’ అని మన పిల్లల మీద ప్రసంగాలు చేస్తారు. ఆ మాటకు నాకు కోపం వస్తుంది. ఇంకెక్కువ చెప్పను.

రిజిస్టరు చింపేయమని నేననను. అందులో మా నాయనమ్మ పేరుంది. బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు దిద్దుకుని, వేలిముద్రకు బదులు వంకర టింకరగా సంతకం పెట్టింది. అబద్ధం చెప్పమనీ అనను. అడిగినవాడికల్లా నకలు ఇవ్వడానికి అది రేషను షాపు పుస్తకం కాదంటాను. కోర్టు సమను పంపిస్తే తీసుకెళ్లండి, చూపించండి. చూపించి, అదే బోనులో నిలబడి, ఆ రోజు ఏ మాటలతో తిట్టారో, ఎందుకు తిట్టారో కూడా చెప్పండి. బాప్తిస్మం ఇచ్చినా ఈ పిల్లవాణ్ణి ఊరు ఊళ్లోకి రానీయలేదని చెప్పండి. ఒక్క పేజీ ఇచ్చి మిగిలిందంతా మింగేస్తే, అది కూడా అబద్ధ సాక్ష్యమే.

ఆర్చీ కూలగొట్టమని కొంతమంది తమ్ముళ్లంటున్నారు. వద్దు. సిమెంటు దండగ. దాని మీద రాసిన దాత పేరు మీద సున్నం పూయండి చాలు. ఆ డబ్బు తిరిగివ్వడానికి చందా వేస్తే నా వంతు ఐదు వేలు.

అయ్యగారు గడియారం చూస్తున్నారు. బయట పప్పుచారు చల్లారుతోందని అక్కలు సైగ చేస్తున్నారు. వాయిదా వచ్చే 18వ తేదీ. పోయిన మూడు వాయిదాలకూ ఆ తల్లి ఒక్కతే పొద్దున ఆరింటి బస్సెక్కింది, కూలి పోగొట్టుకుని. ఈసారి మాదిగపల్లె వాళ్లు ఇద్దరు వస్తామన్నారు. నేను సెలవు పెట్టాను. ఆటోలో ఇంకో ముగ్గురికి చోటుంది. రిజిస్టరు బీరువా తాళం అయ్యగారి దగ్గరే ఉంది. ఆయన వస్తానంటే ముందు సీటు ఆయనది. భోజనాలయ్యాక చెప్పినా సరే.